క్యాస్కేడ్ లేకుండా

జూన్ 3, సోమవారం

ఆసుపత్రి డేటాబేసులోంచి పాత స్కీమా, అంటే పాత టేబుళ్లన్నీ ఉన్న అర, తీసేయాలట, శుక్రవారం లోపు. చెప్పి మేనేజరు నా మొహంలోకి చూశాడు. చూడడా మరి! రెండేళ్ల క్రితం ఇలాగే ఒకటి తీయబోయి ల్యాబు రిపోర్టులన్నీ కూల్చాను. అప్పటినుంచి సెక్షన్లో నా పేరు గునపం.

ఈసారి ఒక్క రాయి కూడా అదనంగా కదలనివ్వను.

జూన్ 4

బ్యాకప్ తీశాను. తీసి ఊరుకోలేదు, వేరే సర్వరులో పోసి చూశాను. అరవై రెండు టేబుళ్లూ లేచి కూర్చున్నాయి.

తర్వాత నల్లతెర ముందు కూర్చుని స్కీమాను తీసేసే డ్రాప్ కమాండ్ కొట్టాను. ఒప్పుకోలేదు. వేరేచోట ఉన్న ఒక వ్యూ, అంటే టేబుల్లోంచి ఏరి చూపించే లిస్టు, ఇందులోని టేబులు మీద ఆధారపడి ఉందట. క్యాస్కేడ్ అని చేరిస్తే దాన్నీ కలిపి తీసేస్తానని కింద సలహా కూడా ఇచ్చింది. రెండేళ్ల క్రితం నేను విన్నది ఈ మహాతల్లి సలహానే.

మేనేజరు వచ్చి, కొట్టెయ్యమ్మా, పాత చెత్తే కదా అన్నాడు. కొట్టనన్నాను. గొంతు కాస్త లేచింది. లేవనీ.

జూన్ 5

ఆ వ్యూ ఎవరిదో కనుక్కోవడానికి పదకొండు ఫోన్లు. పన్నెండోది డయాలిసిస్ వార్డు సిస్టరుకి. అయ్యో, అది నా లిస్టేనమ్మా, రోజూ పొద్దున్నే అది చూసే కదా పేషెంట్లకు ఫోన్లు చేసేది అంది. నలభై ఒక్కమంది.

టేబులు కొత్త స్కీమాలోకి కాపీ చేసి వ్యూ మళ్లీ రాశాను. నీటుగా ఉంటుందని పేర్లు అక్షరక్రమంలో పెట్టాను. అక్కడ నలభై ఒకటి, ఇక్కడ నలభై ఒకటి. రాత్రి ఇంట్లో చెబితే, ఇంకేం, పాతది లేపెయ్ అన్నారు మా ఆయన. సిస్టరు కళ్లతో చూడాలి, అప్పటిదాకా లేపను.

జూన్ 6

వార్డుకు వెళ్లి కొత్త లిస్టు చేతిలో పెట్టాను. చూసి, అంతా కలిపేశావేంటమ్మా అంది.

పాత లిస్టులో మొదటి తొమ్మిదిమంది ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లట. ముందు వాళ్లకు చేస్తేనే, ఎత్తకపోతే మనిషిని పంపే టైముంటుందట. రిటైరైన గుమస్తా ఎప్పుడో అలా పేర్చి వెళ్లాడట. ఎక్కడా రాసిపెట్టలేదు, ఆ వరుసే గుర్తు. దాన్ని నా నీటుతనం మింగేసింది. సిస్టరు సెలవులో ఉండుంటే ఎవరికి తెలిసేది? సిగ్గేసింది.

అక్కడే కూర్చుని కొత్త కాలమ్ చేర్చాను: ఒంటరి. సిస్టరు చెబుతుంటే ఒక్కో పేరు పక్కన అవును కొట్టాను. ఈమధ్యే ఒంటరైనవాళ్లు ఇంకో ఇద్దరున్నారట. మొత్తం పదకొండు. రేపటినుంచి వాళ్లే ముందు.

జూన్ 7, ఉదయం 9.10

సిస్టరు కొత్త లిస్టుకు మారాక పాత వ్యూ తీసి, క్యాస్కేడ్ లేకుండా కొట్టాను. పాత స్కీమా పోయింది. ఏదీ అడ్డం రాలేదు.

10.15

సిస్టరు ఫోను. కొత్తగా చేర్చిన ఇద్దరిలో ఒకాయన ఎత్తలేదట. మనిషిని పంపారట. స్నానాలగదిలో పడి ఉన్నాడట. ఆసుపత్రికి తీసుకొచ్చారట.

మాట్లాడుతున్నాడట.