విజయ నుదురు చల్లబడింది

రాజమండ్రి, శ్రావణ శుక్రవారం, 2003

ఈ రోజు నా అంత అదృష్టవంతుడు ఈ గోదావరి జిల్లాల్లోనే లేడు. నా కూతురు విజయకు జ్వరం తగ్గింది. బ్లడ్ క్యాన్సర్ మందులకు ఒంట్లో శక్తి తగ్గిపోయి రక్తంలోకి క్రిములు చేరాయని చెప్పిన డాక్టరు గారే, ఇప్పుడవి లేవని నవ్వుతూ చెప్పారు. ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే ఆపేశారు.

సాయంత్రం మా అక్క పెనుగొండ అమ్మవారి కుంకుమ, పూలు పట్టుకొచ్చింది. పూలలోనూ క్రిములుంటాయట. వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మేనత్తని. బొట్టు పెడితే చచ్చిపోద్దేంట్రా?" అంది.

"నీకు దండం పెడతానక్కా, లోపలికి మాత్రం రాకు."

అక్క పూలన్నీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వాటిని బయటే వదిలి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

"నాన్నా, నుదురు ముట్టుకుని చూడు. చల్లగా ఉంది" అంది విజయ.

ముట్టుకోవచ్చని డాక్టరు గారూ అన్నారు. నా బంగారు తల్లి ఎంత ఆశగా చూసిందో. నాకు మాత్రం చలిజ్వరంతో దవడలు కొట్టుకున్న ఆ ముఖమే కనిపించింది. చేయి ముందుకు రాలేదు. మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి నిద్రపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.