కొబ్బరిచెట్టు మీది యాంటెన్నా

కంచిలి దగ్గర, మన ఊరు
18 నవంబరు 2025, మంగళవారం

పొద్దున మంచు, తర్వాత పొడి ఎండ. తిత్లీ తుఫానుకి కూలిన చెట్ల చోట వేసిన కొబ్బరిమొక్కలకు పాదులు తీశాను. నీళ్లు ఇంకా పెట్టాలి.

బావ తారకేశ్వరరావుకి అప్పలరాజు దండాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తానని రాయడం పద్ధతే గాని, నీ కూతురు జయశ్రీ నిన్న ఫోను చేసి అంతా చెప్పింది. పలాసలో డయాలసిస్‌కి ఇక వెళ్లనని మొండికేశావట. "ఊరంతా సూత్తండగా పెనాల్టీ బయటికి తన్నీసినోణ్ని. అప్పుడే సగం సచ్చిపోనాను, ఇప్పుడేటి" అన్నావట. ఆ పిల్లకి అది ఏ పెనాల్టీయో తెలియదు. నాకు తెలుసు. ఫోనులో నాకు మాట పెగలదు, అందుకే రాస్తున్నాను.

బావా, ఊరు ఏం చూసిందో చెబుతాను. టెక్కలి కాలేజీలో చదువుతూ నువ్వు యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి ఎంపికైన ఏడాది, ఫైనల్ టీవీలో వస్తుందని తెలిసింది. అప్పట్లో ఊళ్లో ఉన్నది ఒక్కటే టీవీ, జీడిపప్పు షావుకారు జగన్నాథరావుగారిది. జీడిపిక్కలు ఆరబోసే కళ్లంలోకి తెచ్చి బల్ల మీద పెట్టారు. మామూలు కర్రకి బొమ్మ అందదని యాంటెన్నాని పక్కనున్న కొబ్బరిచెట్టు పైన కట్టాం. అది తిరిగిపోకుండా ఒకరు చెట్టెక్కి పట్టుకోవాలి. నేనెక్కాను. కాబట్టి ఆట నేను చూడలేదు. విన్నాను.

కింద నుంచి నూకయ్య కేకేసి చెప్పేవాడు. సముద్రంలో చేపల వేట తప్ప మరొకటి ఎరగని మనిషి. "ఒరే అప్పలరాజూ, మీ బావ సేపనాగ జారిపోతన్నాడ్రా, ఒక్కడికీ సిక్కట్లేదు" అన్నాడు. మీ అమ్మ, మా బొడ్డమ్మత్త, "అంతసేపట్నుంచి పరిగెట్టించేత్తన్నారు, గుక్కెడు నీళ్లైనా ఇయ్యరేటి" అని అందరితో గొడవపడి, కొబ్బరిబొండం కొట్టించి టీవీ ముందు పెట్టింది. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు డాక్టర్లు నీకు కొబ్బరినీళ్లే తాగకూడదన్నారని జయశ్రీ చెప్పినప్పుడు ఆ బొండం గుర్తొచ్చింది.

పైనుంచి నాకు టీవీ వీపు, దాని ముందు ఊరు కనిపించేవి. నువ్వు అటు పరిగెత్తితే తలలన్నీ అటు, ఇటు వస్తే ఇటు, వరిచేను మీద గాలి వెళ్లినట్టు. మనతో కళ్లంలో పిక్కలు ఎత్తినవాడివి, ఆకాశంలోంచి వచ్చి ముందు నా చేతిలోని కమ్మీల్లో దిగి, అక్కణ్ణించి తీగ పట్టుకుని వాళ్ల కళ్లలోకి వెళుతున్నావు. ఆ సంగతి తట్టినప్పుడు కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అంత గొప్ప బరువు నేను మళ్లీ మొయ్యలేదు.

ఆట అయిపోవస్తోందని, పెనాల్టీ ఇచ్చారని, మీ బావే తంతాడని నూకయ్య అరిచాడు. సరిగ్గా అప్పుడు గాలికి యాంటెన్నా తిరిగిపోయింది. బొమ్మ పోయి తెరంతా చీమలు. మళ్లీ కుదిరేసరికి వార్తలు చదువుతున్నారు.

నువ్వు ఆ బంతి బయటికి తన్నడం ఈ ఊళ్లో ఏ కన్నూ చూడలేదు బావా. మీ జట్టు ఓడిందని పేపర్లో రెండు ముక్కలు వచ్చాయి. ఎలా ఓడిందో రాయలేదు. "ఆడు కొట్టీసుంటాడు, మిగతావోళ్లు పాడుసేసుంటారు" అని నూకయ్య తేల్చేశాడు. ఊరు అదే నమ్మింది. సెలవులకి వచ్చినప్పుడు ఎవరైనా ఆట సంగతి అడిగితే లేచి వెళ్లిపోయేవాడివి. టీవీ పెట్టిన చోటికే రాలేదు. టెక్కలిలో ఉద్యోగం చూసుకుని ఊరే మానేశావు. పెద్దవాడయ్యాడు, మనతో ఏం మాట్లాడతాడులే అనుకున్నాం. నువ్వు గురి తప్పావని నిన్న జయశ్రీ చెప్పేదాకా నాకూ తెలియదు.

గురువారం పొద్దున పలాస ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. నువ్వు రావాలి. మంచం పక్కన కూర్చుంటాను. ఊళ్లో అందరూ చూసిన ఆట నేనొక్కణ్నే చూడలేదు. మొదటి నుంచి నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ మేనమామ కొడుకు
అప్పలరాజు

తా.క. ఆ రోజు గాలి లేదు. అందరూ గాలి అనుకుంటే నేనూ ఊరుకున్నాను. తన్నేది నువ్వేనని వినగానే, కాళ్లతో చెట్టుని పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాను. ఏ దేవతకో తెలియదు. యాంటెన్నా తన దారిన తను తిరిగింది. కిందికి చూస్తే బొమ్మ లేదు. అయినా ఒక్కరూ లేవలేదు. చీమలు పాకుతున్న ఆ తెరకేసి, నువ్వు అందులోంచి ఇంకా రావలసి ఉన్నట్టు, ఊరంతా చూస్తూనే ఉంది.