వణుకు మానని పన్ను

సోమవారం
ఈ ఉదయం ప్రార్థన ముగించి వంటగదిలోకి వెళ్లేసరికి మేనకోడలు గువ్వ రొట్టెను పాలలో ముంచి, మెత్తబడ్డాక, ఎడమ దవడతోనే నములుతోంది. కుడివైపు కింది పాలపన్ను ఊగుతోంది. దాని వెనక కొత్తది మొలిచింది.

తమ్ముడు పళ్ల డాక్టరు. ఊళ్లో పిల్లలందరి చేతా నోరు తెరిపిస్తాడు. “ఒక్కసారి ఆ... అను తల్లీ” అంటే సొంత కూతురు తల అడ్డంగా ఊపింది.

“ఈ వారంలో తీయకపోతే కొత్తది వంకర వస్తుందక్కా” అన్నాడు నాతో.

పన్ను హాయిగా బయటికొచ్చే బొమ్మ చూపిస్తే భయం పోతుంది. మరదలు చేసేది యానిమేషన్, బొమ్మల్ని కదిలించే పనే కానీ తలమునకలై ఉంది. నా కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మాత్రం పెట్టి వెళ్లింది. తీర్మానం: శుక్రవారానికి బొమ్మ నేనే చేస్తాను. ఎవరినీ అడగను.

మంగళవారం
తేలికే. కింద పొడవాటి పట్టీ టైమ్‌లైన్. దాని మీది గళ్లు ఫ్రేములు, సెకనుకు ఇరవై నాలుగు. మొదటి గడిలో పన్నును చిగురులో ఉంచాను, చివరి గడిలో అరచేతిలో. ఈ రెండూ కీఫ్రేములు. మధ్యవి యంత్రమే నింపుకుంది. పన్ను వెన్నలా జారి వచ్చింది.
ఈపాటి పనికి మరదలు రోజంతా ఎందుకు కూర్చుంటుందో.

బుధవారం
పన్ను కాస్త ఒరిగినట్టుంది. సరిచేశాను. కళ్లు లాగాయి, అంతటితో ఆపాను.

గురువారం
ఒరిగిన పటం, మడతపడ్డ దుప్పటి కనిపిస్తే నేను ఊరుకోలేను. గడిగడికీ వెళ్లి పన్నును కాస్త పైకి, కాస్త కిందికి సర్దాను. ఆడించి చూడలేదు, బట్టలు ఆరేయాల్సి వచ్చింది.

“బొమ్మకు సాయం చేయనా వదినా?” అంది మరదలు.
“అక్కర్లేదమ్మా.”

శుక్రవారం
అందరినీ కూర్చోబెట్టి ఆడించాను. పన్ను గజగజ వణుకుతూ వచ్చింది. అరచేతిలో పడ్డాక కూడా వణుకు మానలేదు.

“చూశారా, దానికీ భయమే” అని గువ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

“ఇప్పటిదాకా తినడానికైనా తెరిచేదక్కా” అన్నాడు తమ్ముడు.

మరదలు నవ్వాపుకుంటూ టైమ్‌లైన్ చూపించింది. నిండా కీఫ్రేములు, చీమల బారులా. రికార్డు బటన్ వెలిగే ఉందట. నేను సర్దిన ప్రతిసారీ అది కొత్త కదలికగా నమోదైందట.

“అయితే దానికి భయం లేదా?” వేళ్ల సందుల్లోంచి అడిగింది గువ్వ.

“లేదు తల్లీ. నా చెయ్యే ఊరుకోలేదు.”

“అయితే నువ్వు చేతులు కట్టుకో అత్తా. నేను తీస్తా.”

మరదలు అదనపు కీఫ్రేములు చెరిపేసింది. గువ్వ మౌస్ పట్టుకుని పన్నును తానే బయటికి లాగింది. ఈసారి అది వణకలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర అందరం కలిసి తేల్చుకున్నాం. రేపు గువ్వ తన పన్ను తానే తీసుకుంటుంది. పన్ను పడేందుకు నాన్న అరచెయ్యి చాపి కూర్చోవాలి, అంతే. అత్త పక్కనే ఉండాలి, చేతులు కట్టుకుని. ఇంకో పన్ను కూడా కదులుతోందట. దాని బొమ్మ నాకే అప్పగించారు. సోమవారం మళ్లీ మొదటి ఫ్రేము నుంచి మొదలు. ఈసారి మరదలిని అడుగుతాను, ఒక్కసారి మాత్రం.