పగలగొట్టడానికే తెచ్చిన గ్లాసు

అక్కా,

నేనిక్కడ క్షేమం. నువ్వు పోయి ఇరవయ్యేళ్ళయినా, అక్కడ నువ్వూ క్షేమమేనా అని రాయబోయి ఆగాను.

నిన్న ఈ గల్ఫు ఊళ్ళోనే డేరా అనే పేటలో ఓ పెళ్ళికి వెళ్ళాను. మా ఆఫీసులో టెలెక్స్ చూసే రీనాది. బొంబాయి యూదులమ్మాయి. ఇరుకు ఫ్లాటులో పాతికమందిమి. నలుగురు నాలుగు కర్రలతో ఓ శాలువా ఎత్తిపట్టుకుంటే అదే పందిరి. ఓ కర్ర పట్టుకున్న రీనా మేనమామకు చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా పందిరి పెళ్ళికొడుకు నెత్తిమీదికి దిగేది. వధూవరులు ఒకే గిన్నెలో ఎండుద్రాక్ష రసం తాగారు. ముమ్మూర్తులా మనవాళ్ళ పెళ్ళే అని మురిసిపోతుండగా, ఎవరో గుడ్డలో చుట్టిన గాజు గ్లాసు పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గర పెట్టారు. అతను కాలెత్తాడు.

"అయ్యో, గ్లాసు!" అంటూ వంగి లాగేసుకున్నాను.

అందరూ గొల్లున నవ్వారు. రీనా మేలిముసుగు ఎత్తి, "అరే దీదీ, తోడ్‌నే దో!" అంది. పగలగొట్టడమే వాళ్ళ ఆచారమట.

నీ పెళ్ళిలో పానకం గ్లాసు నా చేతిలోంచి జారి పగిలితే, "అపశకునం! దీని చేతులు పడిపోను!" అంది అత్తయ్య. నువ్వు మాత్రం, "పోనీలేవే, పగిలింది గ్లాసేగా" అన్నావు. ఏడాది తిరక్కుండా జ్వరంతో పోయావు. చదువుకున్నదాన్ని, అత్తయ్య అన్న ఆ అపశకునం మాట నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోయాను.

నిన్న ఆ గ్లాసును నా చేత్తోనే మళ్ళీ అతని కాళ్ళ దగ్గర పెట్టాను. ఫెళ్ళుమంది. "మజల్ తోవ్!" అని ఇల్లంతా కేకలు. శుభమని అర్థమట. గొంతు బొంగురుపోయేదాకా నేనూ అరిచాను.

ఆ మాట నీ పెళ్ళినాడే తెలిసుంటే, అత్తయ్య నోరు తెరవకముందే అరిచేదాన్నక్కా.

నీ చెల్లెలు