మిరపకళ్లం చీర

సుబ్బులూ, నువ్వు చదవవని తెలిసే ఇది రాస్తున్నాను.

నిన్న గుంటూరు ఆసుపత్రిలో నా కూతురు ప్రసవించింది. నేను కొన్న ప్యాడ్లు చూసి, "ఇవి గరుగ్గా ఉన్నాయమ్మా, మెత్తటివి తీసుకురా" అంది. వెంటనే మందుల షాపుకు పరిగెత్తాను. "అమ్మంటే మీలా ఉండాలండీ" అంది నర్సు. నీ సంగతి ఆమెకేం తెలుసు?

నీ పురిటికి నేనిచ్చినవి పాత చీర పేలికలు. కళ్లంలో మిరపకాయలు ఎండబోసిన చీర అది. ఒక్కసారి జాడించి చింపాను. "మంటగా ఉందక్కా" అని ఏడ్చావు. "పురుడంటే మంట ఉండదా ఏంటి? ఓర్చుకోవే" అని కసిరాను. తర్వాత జ్వరం వచ్చింది. పదో రోజుకి నువ్వు లేవు.

ఆ పది రోజులూ నీ మంచం పక్కనే ఇంటి కప్పుదాకా పత్తి పోసి ఉంది. అమ్మాల్సిన పత్తి కదా, గుప్పెడు కూడా తీయలేదు.