అమ్మ కుర్చీకి బోర్డు

అక్కా, నాన్న ఒంట్లో కులాసాగానే ఉన్నారు, కంగారుపడి సెలవు పెట్టకు.

పెద్దవాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళకి ఆసుపత్రిలో క్లాసులు పెడుతున్నారు, వెళ్తున్నాను. మతిమరుపున్నవాళ్ళు తడబడకుండా తలుపులకీ అలమరలకీ పేర్లు రాసి అంటించమని నర్సమ్మ చెప్పింది. నిన్న అంటించాను. జీవితమంతా కొట్లకి బోర్డులు రాసిన మనిషి ఊరుకుంటారా? "ఎవరే ఇది రాసింది, కోడి గెలికినట్టు?" అని కుంచె అడిగారు. నా పేరే గుర్తు రాని నాన్న, చెయ్యి వణక్కుండా సాయంత్రం దాకా రాశారు. వంటగది, స్నానాలగది, మందులు, అన్నీ నీలం రంగులో, వెనక నీడతో సహా. వాలుటెండలో ఆ తడి అక్షరాలు మెరుస్తుంటే ఇల్లంతా చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని తిరిగిన బజారులా అనిపించింది. కాసేపు నేనూ దారి తప్పాను.

చివరికి అమ్మ కుర్చీ దగ్గర ఆగారు. అమ్మ పోయిన సంగతి ఆయనకి ఒకపూట గుర్తుంటుంది, ఒకపూట ఉండదు. ఏం రాస్తారో అని పక్కకి వెళ్ళి నిలబడ్డాను. బస్సులో సీటు మీద రుమాలు వేసి చెప్పినట్టు, "ఇక్కడ మనిషి వస్తారు" అని రాశారు. వాదించొద్దని క్లాసులో చెప్పారు, అందుకని ఆ బోర్డు అలాగే ఉంచాను.

నీలం రంగు అయిపోయింది, చిన్న డబ్బా పంపు. అమ్మ శాలువా నీ దగ్గరే ఉందా? బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

రాత వంకరగా ఉందని తిట్టుకోకు. బల్ల దగ్గరున్నది అమ్మ కుర్చీ ఒక్కటే. ఈ కార్డు నిలబడి రాస్తున్నాను.

నీ చెల్లి