అలకపాన్పు మీద సైకిల్

నందిగామ,
మంగళవారం.

మహారాజశ్రీ మామయ్యగారి సముఖానికి, అల్లుడు ఓంకార్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ ప్రసన్నా కులాసా. అక్కడ మీరూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అల్లుడితో ఫోన్లో మాట్లాడితే మాట జారుతుంది, ఏదున్నా కాగితం మీద పెట్టుకుందామని పెళ్ళైన కొత్తలోనే మీరన్నారు. అందుకే ఈ ఉత్తరం. మీ కందిపప్పు బస్తాలు దించడానికొచ్చిన స్టీవెన్ ఆటోలో పంపుతున్నా.

విషయం ఏమిటంటే, హైదరాబాదులో ఒకాయన దగ్గర కొత్త స్టీలు ఫ్రేము సైకిల్ ఒకటి కొన్నాను. లారీ పార్సిల్ వాళ్ళు నందిగామలో ఇంటిదాకా తేరు. తెచ్చినా పగలు నేను కాలేజీలో, ప్రసన్న బ్యాంకులో. అందుకని జగ్గయ్యపేటలో మీ షాపు పేరు మీద బుక్ చేయించా. వచ్చాక విప్పకుండా గోడౌన్లో ఓ మూల పెట్టించండి. శుక్రవారం స్టీవెన్ వచ్చేటప్పుడు ఆటోలో వేసి పంపితే చాలు. మిగతాది నేను బిగించుకుంటా.

అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పగలరు.

మీ అల్లుడు,
ఓంకార్

తా.క.: తాడు ముడి కూడా విప్పొద్దండి.


జగ్గయ్యపేట,
శుక్రవారం.

శ్రీరామ

చిరంజీవి అల్లుడుగారు ఓంకార్‌కి, శ్రీమన్నారాయణ ఆశీర్వదించి రాయునది. మేమిక్కడ క్షేమం.

పార్సిల్ చేరింది. విప్పాము. సరుకు చూడకుండా గోడౌన్లో పెట్టడం మా తాతగారి కాలం నుంచీ మా ఇంటా వంటా లేదు, ఏమీ అనుకోకండి.

మిమ్మల్ని ఎవరో నిలువునా ముంచారండీ. హ్యాండిల్ చూస్తే రెండు కొమ్ములూ కిందికి వంగిపోయి ఉన్నాయి. లారీలో దాని మీద బస్తాలు పడ్డాయో ఏమో. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డులు లేవు. సీటు చూస్తే రాయి. ఉన్నవన్నీ ఊడబీక్కుని అస్థిపంజరాన్ని మీకు అంటగట్టాడు ఆ హైదరాబాదాయన. మీరు మనసు కష్టపెట్టుకోకండి. మార్కెట్ యార్డు ఎదురుగా సైకిల్ షాపు బెన్ని ఉన్నాడుగా, అతన్ని పిలిపించి హ్యాండిల్ పైకి తిప్పించా. ఇప్పుడు రాజాలా నిటారుగా కూర్చుని తొక్కొచ్చు. స్టాండు, క్యారేజీ, మడ్‌గార్డులు బిగించాడు. బెల్లు నేనే ఏరి తెచ్చా. మోగిస్తే పక్క వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూస్తున్నారు. పని మధ్యలో ఉండటం వల్ల ఇవాళ పంపలేదు.

ఒక్క మాట అడుగుతా. మీకు కారుందిగా. ఈ సైకిల్ ఎందుకండీ?

మీ మేలు కోరే,
శ్రీమన్నారాయణ

తా.క.: సీటు తోలుదని తెలిసి మీ అత్తయ్యగారు గోడౌన్లోకి అడుగుపెట్టడం మానేసింది. దానికి ముఖమల్ కవరు కుట్టిస్తున్నా, కుచ్చులతో.


నందిగామ,
మంగళవారం.

మామయ్యగారికి నమస్కారాలు. కుచ్చులొద్దండి.

ఆ హ్యాండిల్ వంగిపోయింది కాదండి, దాని తయారీయే అంత. గంటల తరబడి తొక్కేటప్పుడు చేతులు మార్చి మార్చి పట్టుకోవాలి. ఎదురుగాలి వస్తే వంగి తొక్కాలి. దయచేసి మళ్ళీ కిందికి తిప్పించండి.

ఎందుకని అడిగారు కాబట్టి చెబుతున్నా. వచ్చే నెల మొదటి ఆదివారం విజయవాడలో బయల్దేరి, సూర్యాపేట అవతలిదాకా పోయి, మళ్ళీ విజయవాడ రావాలి. మూడొందల కిలోమీటర్లు, ఇరవై గంటల్లోపు. ఇది పందెం కాదు. ఫస్టూ సెకండూ ఉండవు. దారిలో కొన్నిచోట్ల ఆగి, కార్డు మీద టైము వేయించి సంతకం పెట్టించుకోవాలి. మనకోసమని ఎవరూ వెంట రాకూడదు, సాయం చెయ్యకూడదు. పంక్చరైనా మనమే వేసుకోవాలి.

పోయినేడు ఇదే రైడులో, వేరే సైకిల్ మీద, నడుం పట్టేసి సరిగ్గా నందిగామ దగ్గరే ఆగిపోయా. ప్రసన్న వచ్చి కార్లో ఇంటికి తీసుకుపోయింది. సంతకాలన్నీ పడని ఆ కార్డు బీరువా తీసినప్పుడల్లా నన్ను చూస్తోంది. స్టీలు ఫ్రేమైతే రోడ్డు కుదుపుని తనే మింగుతుంది, నడుం దాకా రానివ్వదు. అందుకే వెతికి వెతికి ఇది కొన్నా. ఈసారి పూర్తి చెయ్యకపోతే ఇంకెప్పటికీ చెయ్యలేనేమోనని భయంగా ఉందండి.

తోలు సీటు మొదట్లో రాయిలాగే ఉంటుంది. ఎవరు తొక్కితే వాళ్ళు కూర్చునే తీరుకి మెల్లగా అమరిపోతుంది. అమరాక ఇంకొకరికి పనికిరాదు. కాబట్టి దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. ముఖ్యంగా బెన్నిని.

మీ దయ ఎల్లప్పుడూ కోరే,
ఓంకార్

తా.క.: బరువు తగ్గాలని ఒక్కో బోల్టూ తూచి కొన్నానండి. ఆ స్టాండు తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు.


జగ్గయ్యపేట,
శుక్రవారం.

శ్రీరామ

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం మీ అత్తయ్యగారికి చదివి వినిపించా. అంతా విని కళ్ళొత్తుకుంది. పందెం కాదంటారు, ప్రైజు లేదంటారు, గంటకో బస్సున్న దారిలో సైకిలంటారు, ఎవరూ సాయం చెయ్యకూడదంటారు, ఊరూరా సంతకాలంటారు. షరతుల మీద బెయిలిచ్చిన వాళ్ళకి తప్ప ఇన్ని నియమాలు ఎవరికుంటాయి? "ఇది సరదా కాదండీ. అబ్బాయి అలిగాడు," అంది.

అప్పుడు వెలిగింది నాకు. మూడేళ్ళ కిందట మీ పెళ్ళిలో మిమ్మల్ని అలకపాన్పు మీద కూర్చోబెట్టి, "ఏమిస్తే లేస్తారు అల్లుడుగారూ?" అని అడిగా. మీరు "సైకిల్" అన్నారు. పందిరంతా ఘొల్లుమంది. నేనూ నవ్వా. నవ్వి, వేలికి ఉంగరం తొడిగి లేపేశా. అల్లుడు నోరు తెరిచి అడిగింది పెట్టకుండా ఉంగరంతో సరిపెట్టిన మామని నేను! మీరది మూడేళ్ళు మనసులో పెట్టుకుని, చివరికి మీ డబ్బుతో మీరే సైకిల్ కొనుక్కుని, సరాసరి మా షాపు అడ్రసుకే పంపించారు. నాకు తెలిసిరావాలనేగా!

తెలిసొచ్చింది. ఈ సైకిల్ మేము పెట్టాలి. మంచిరోజు చూసి, పాన్పు వేసి, నలుగురి ముందూ మీ చేతికిస్తాం. ప్రస్తుతం మూఢం నడుస్తోంది. మూఢం వెళ్ళేదాకా సైకిల్ గోడౌన్ గడప దాటదు.

ఉంటానండి,
శ్రీమన్నారాయణ

తా.క.: సీటు మరీ ఎత్తుగా ఉందండీ. ఎక్కాలంటే పప్పు బస్తా మీద నిలబడాల్సి వస్తోంది. అంటే, ఎవరైనా ఎక్కాలనుకుంటే.


నందిగామ,
మంగళవారం.

మామయ్యగారూ, ఒట్టు. నేను అలగలేదు.

పెళ్ళిలో ఏదో ఒకటి కోరుకోమంటే నోటికొచ్చింది అన్నా. ఉంగరం బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు కూడా వేలికే ఉంది, ఆ చేత్తోనే రాస్తున్నా. పంచాంగం తిరగేశా. మూఢం వెళ్ళేది రైడు అయిపోయాక. అప్పుడు సైకిలిస్తే దాన్ని పెట్టుకుని నేనేం చేసేది? పాత సైకిల్ మీద ప్రాక్టీసు చేస్తున్నా గానీ, వత్సవాయి దాకా పోయొచ్చేసరికే నడుం ఎదురు తిరుగుతోంది.

సీటు ఎత్తు దయచేసి కదిలించకండి. మడమ పెడల్ మీద పెడితే మోకాలు వంగకుండా నిటారుగా రావాలి, అదీ లెక్క. హైదరాబాదులోనే నా కాలికి కొలిచి బిగించి, ఎర్ర టేపు గుర్తు వేశాం.

నా మాట మన్నిస్తారని ఆశిస్తూ,
ఓంకార్

తా.క.: నాన్నా, ఈయనకి అలగడం రాదు. నేను అలిగితే ఈయనకి తెలియడానికే రెండు రోజులు పడుతుంది. సైకిల్ పంపించెయ్. — ప్రసన్న


జగ్గయ్యపేట,
శుక్రవారం.

శ్రీరామ

అల్లుడుగారికి ఆశీస్సులు.

అలిగినవాళ్ళు అలిగామని ఒప్పుకుంటారుటండీ ఎక్కడైనా! మీరు ఒట్టేసి మరీ కాదన్నారంటే అలక ఎంత లోతుగా దిగిందో మాకర్థమైంది. ఉంగరం సంగతి కూడా ఎత్తారు. మీ అత్తయ్యగారు ఆ వాక్యం రెండోసారి చదివించుకుంది.

ఏమైనా మూఢంలో ఇచ్చేది లేదు. మీ సైకిల్‌కి వచ్చిన లోటేమీ లేదు. డైనమో లైటు పెట్టించా. చక్రం తిరిగినంతసేపూ వెలుగుతుంది, బ్యాటరీతో పనిలేదు. హ్యాండిల్ మీరు చెప్పినట్టే కిందికి తిప్పించా. చిల్లకల్లు వైపు ఎదురుగాలి కొడుతుంటే అలా వంగి పట్టుకోవడమే హాయి, అన్నాడు బెన్ని. గేర్లెందుకు దండగ అనుకున్నా గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న పళ్ళచక్రం మీద వేసుకుంటే ఆయాసమే రాదట. అదీ బెన్నే అన్నాడు.

మీరు స్థిమితంగా ఉండండి.

ఇట్లు,
శ్రీమన్నారాయణ

తా.క.: బాబూ, నేను సత్యనారాయణమ్మని. మీ మామయ్యగారు ఈమధ్య తెల్లారకముందే మార్కెట్ యార్డుకని వెళ్తున్నారు. ఆ వేళకి యార్డు గేటు కూడా తియ్యరు. వచ్చి మోకాళ్ళకి నూనె రాయించుకుంటున్నారు. మీ మీద బెంగే అయ్యుంటుంది. అలక మానేసి ఒక్కసారి వచ్చి కనపడు నాయనా.


నందిగామ,
మంగళవారం.

మామయ్యగారికి,

ఒప్పుకుంటున్నా. అలిగాను. మూడేళ్ళుగా అలిగే ఉన్నా. మీ ఇంట్లో గారెలు తిన్నదీ అలిగే, రెండోసారి పెట్టించుకున్నదీ అలిగే.

శుక్రవారం సాయంత్రం వస్తున్నాం. పాన్పు వెయ్యండి. మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యకూడదు గానీ అలక తీర్చకూడదని ఎక్కడా లేదట. మా కాలేజీలో సంస్కృతం మాస్టారిని అడిగి కనుక్కున్నా. ఆదివారం పొద్దున్నే రైడు. శుక్రవారం సైకిల్ ఇవ్వకపోతే మాత్రం ఈసారి నిజంగా అలుగుతా. ఎలా అలగాలో ప్రసన్న నేర్పుతోంది.

అలకతో,
ఓంకార్

తా.క.: టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే పనైతే బాగా మగ్గినవి చూడండి. సన్నటి టైర్లు.


నందిగామ,
మంగళవారం.

మామయ్యగారికీ అత్తయ్యగారికీ వెయ్యి నమస్కారాలు.

పూర్తి చేశానండి! గడువుకి ఇంకా బోలెడు టైముండగానే. అన్ని గళ్ళలోనూ సంతకాలు పడ్డ కార్డు పాతదాని పక్కనే బీరువాలో పెట్టా. రాత్రి లేచి మళ్ళీ తీసి చూసుకున్నా. నడుం నొప్పి లేదు. స్టీలు మాట నిలబెట్టుకుంది.

శుక్రవారం మీరు కట్టిన పూలదండ, బంధువుల చప్పట్లు, అన్నీ చూశాక స్టాండు ఊడదీయడానికి చేతులు రాలేదు. అలాగే విజయవాడ పట్టుకెళ్ళా. బయల్దేరేచోట అందరూ దాని చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు, పెళ్ళి సైకిలా అని అడిగారు. తిరుగు దారిలో కోదాడ దాటాక వాన దంచింది. అందరి వీపులూ బురదే, మీ మడ్‌గార్డుల పుణ్యమా అని నాది తప్ప. చీకటి పడేవేళకి ఒకాయన బ్యాటరీ లైటు తడిసి ఆరిపోతే, గరికపాడు దాకా మీ డైనమో వెలుగులోనే ఇద్దరం వచ్చాం. అక్కడ ధాబా దగ్గర అందరి సైకిళ్ళూ లారీ చక్రాలకి జారగిలబడి ఉంటే, నాదొక్కటే దర్జాగా నిలబడి ఉంది. బెల్లు కూడా ఉపయోగపడింది. చిల్లకల్లులో ఒక గేదె దారిచ్చింది.

ఒక్క సంగతే తేలలేదు. సీటు నా ఎర్ర టేపుకి నాలుగు వేళ్ళు కిందికి ఉంది. అది సరిచేసుకున్నా. ముఖమల్ కవరు తీసి చూస్తే, రాయిలా ఉండాల్సిన తోలు అప్పటికే పల్లంగా అమరిపోయి ఉంది. ఆ పల్లం నాది కాదు. ఎడమవైపు బాగా దిగి ఉంది. కుడివైపు నాకింకా మంటగానే ఉంది. బెన్నికి ఫోన్ చేస్తే, "నేనెక్కితే ఒట్టండి సార్, నన్ను మాత్రం ఇరికించకండి," అన్నాడు. జగ్గయ్యపేటలో ఎడమవైపు ఒరిగి కూర్చునే అలవాటు ఎవరికుందా అని ఆలోచిస్తున్నా.

కృతజ్ఞతలతో,
ఓంకార్

తా.క.: స్టాండు ఇక తియ్యను.


జగ్గయ్యపేట,
శుక్రవారం.

శ్రీరామ

అల్లుడుగారికి ఆశీస్సులు. మీరు పూర్తి చేశారని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పా. కొందరికి రెండుసార్లు.

ఇక సీటు సంగతి. గల్లాపెట్టె ఎడమవైపున పెట్టుకుని నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి ఎటు ఒరుగుతాడండీ?

మొదటిరోజు స్టాండు గట్టిగా ఉందో లేదో చూద్దామనే ఎక్కా. మర్నాడు బెల్లు చూద్దామని. ఆ తర్వాత ఏ వంకా పెట్టుకోలేదు. ఒకరోజు ముక్త్యాల రోడ్డులో కృష్ణా నది కనపడేదాకా పోయా. సిమెంటు లారీలొస్తే దిగి పక్కన నిలబడటం, పోయాక మళ్ళీ ఎక్కడం. అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో లేదండీ. మూఢం ఎప్పుడు పోతుందా అని మీరు పంచాంగం చూస్తుంటే, ఇంకో నెల ఉంటే బాగుండునని నేను చూశా. ఆ శుక్రవారం సైకిల్ మీ చేతికిచ్చి వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డానే, అందరూ అల్లుడి మీద ప్రేమ అనుకున్నారు. నేను చూసింది సీటుని.

అందుచేత తెలియజేయునది ఏమనగా, నేను అలిగాను. మీరు లేచిన పాన్పు తియ్యనివ్వలేదు. దాని మీద ఇప్పుడు నేను కూర్చున్నా. కాఫీ కూడా ఇక్కడికే వస్తోంది. నాకూ ఒక స్టీలు సైకిల్ కావాలి, నా కాలి కొలతకి. మీరు వేరే సీటు వేయించుకుని, ఆ సీటు ఊడదీసి స్టీవెన్ ఆటోలో పంపండి. ఉంగరాలతో లేచే మనిషిని కాను.

పాన్పు మీద నుంచి,
మీ మామ,
శ్రీమన్నారాయణ

తా.క.: పంపేలోపు ఆ సీటు మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. ముఖ్యంగా మీరు.